చుక్కలు చూడుము – టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరికింది కాదు. మా ఇంట్లో కంప్యూటర్ అంచుకు అంటించిన పసుపు చీటీ మీద ఉంది. దస్తూరీ నాదే కనుక కవి కాలాదుల గురించి పండితులు తగువులాడుకోవాల్సిన పని లేదు. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి మాట ఇచ్చాడు. నేను ఇవ్వడం లేదు.

మా కాలనీ గ్రంథాలయానికి ఒక వెబ్‌సైటు ఉంది. డ్రీమ్‌వీవర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసింది నేనే. మొదట నాలుగే పేజీలు: ముఖపేజీ, వేళలు, సభ్యత్వం, ఎలా రావాలి. నాలుగు పేజీలకు ఫోల్డర్లు ఎందుకని అన్నీ ఒక్కచోటే పడేశాను. తర్వాత కొత్త పుస్తకాల జాబితాలు వచ్చాయి, పిల్లల కథల పోటీ వచ్చింది, వార్షికోత్సవం ఫొటోలు వచ్చాయి. పేజీలు 130 దాటాక ఒక ఆదివారం సర్దుదామని కూర్చున్నాను. సాయంత్రానికి శోకం పుట్టింది. శోకం శ్లోకం కావడం వాల్మీకి నాటి నుంచీ ఉన్నదే. నాది ఆటవెలదితో ఆగింది.

మూలము

పేజిలన్ని యొక్క పెట్టెలో నుంచకు
ఫోల్డరులను జేసి పొందుపరచు
చోటు మార్చునపుడు చుక్కలు చూడుము
లింకు తెగిన పేజి లేని పేజి

టీక

పేజిలు అన్ని = పేజీలన్నిటిని; ఒక్క పెట్టెలోన్ = ఒకే ఫోల్డరునందు; ఉంచకు = పెట్టకుము; ఫోల్డరులను చేసి = ఉపఫోల్డర్లను కల్పించి; పొందుపరచు = తగినచోట అమర్చుము; చోటు మార్చునపుడు = ఒక ఫోల్డరునుండి మరొకదానికి జరుపునపుడు; చుక్కలు = చుక్కలను; చూడుము = సరిచూచుకొనుము; లింకు తెగిన పేజి = దారి తెగిన పేజీ; లేని పేజి = లేనట్టిదే.

‘ఫోల్డరులను జేసి’ అన్నచోట చకారానికి సరళాదేశం వచ్చింది. ఇంగ్లీషు మాట పక్కన నిలబెట్టినా ద్రుతం తన పని మానలేదు. ‘ఫో’కూ ‘పొ’కూ యతి చెల్లింది. ఫోల్డరు అనే మాట తెలుగు ఛందస్సులో ఇంత సుఖంగా కూర్చుంటుందని నేనూ అనుకోలేదు.

తాత్పర్యము

ఓ వెబ్‌సైటు చేసేవాడా! పేజీలను గుట్ట పోయకు. ఫోల్డర్లలో సర్దు. సర్దేటప్పుడు లింకుల్లోని చుక్కల సంగతి చూసుకో. లేకపోతే అంతా ఉండి కూడా ఏమీ లేనట్టే.

విశేషములు

పెట్టె: ఇక్కడ మూలఫోల్డరని అర్థం. అమ్మమ్మల ట్రంకుపెట్టెలో పట్టుచీరా, కరెంటు బిల్లూ, జాతకచక్రమూ కలిసి ఉన్నట్టు ఉంటుంది. నా పెట్టెలో ‘సభ్యులు’, ‘సభ్యులు కొత్త’, ‘సభ్యులు కొత్త ఫైనల్’ అని మూడు పేజీలు దొరికాయి. వాటిలో అసలుది ఏదో తేల్చడానికి గంట పట్టింది. అసలుది మొదటిదే.

చుక్కలు: ఇది ఈ పద్యానికి ప్రాణం. ../ అని రెండు చుక్కలూ ఒక వాలుగీతా కలిస్తే ‘ఉన్న ఫోల్డరులోంచి ఒక మెట్టు పైకి ఎక్కు’ అని ఆజ్ఞ. ‘కథలు’ ఫోల్డరులో ఉన్న పేజీ ‘బొమ్మలు’ ఫోల్డరులోని ఫొటోను చూపించాలంటే ముందు పైకెక్కి, తర్వాత బొమ్మల్లోకి దిగాలి. అంటే ఈ చిరునామా చెప్పేవాడు నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది. వంటింట్లో నిలబడి ‘పక్క గదిలో ఉంది’ అంటే దేవుడి గది. అదే మాట వరండాలో నిలబడి అంటే పడకగది. మాట మారలేదు, మనిషి జరిగాడు.

సరిగ్గా ఇదే జరిగింది. మూలఫోల్డరులో ఉన్నప్పుడు ‘బొమ్మలు’ అంటే పక్కనే దొరికేది. పేజీని ‘కథలు’లోకి జరపగానే అది ‘కథలు’ లోపల ‘బొమ్మలు’ ఎక్కడని వెతికింది. అక్కడ లేదు. పేజీలో ఒక్క అక్షరం మారకుండానే ఫొటోలన్నీ పోయాయి.

మరి ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదా? తెలుసు. ఫలానా ఫోల్డరే నా సైటు అని ముందుగా చెప్పిపెట్టి, ఫైల్స్ ప్యానెల్‌లోనే పేజీని పట్టుకుని జరిపితే ‘ఈ పేజీల్లో లింకులు అప్‌డేట్ చేయమంటావా’ అని డ్రీమ్‌వీవర్ జాబితాతో సహా అడుగుతుంది. సరేనంటే ఎక్కడ చుక్కలు కలపాలో, ఎక్కడ తీసేయాలో అదే చూసుకుంటుంది. జరిపిన పేజీలోంచి బయటికి పోయే లింకులూ, బయటి పేజీల్లోంచి దీనిలోకి వచ్చే లింకులూ రెండూ దిద్దుతుంది. కానీ నేను జరిపింది అక్కడ కాదు. పాత అలవాటు కొద్దీ విండోస్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, 40 పేజీలు ఒక్కసారి పట్టి కట్ చేసి పేస్ట్ చేశాను. ఇంటి పెద్దకు చెప్పకుండా పెరటి గోడ దూకినట్టు. సాఫ్ట్‌వేర్‌కు కబురు అందలేదు, చుక్కలు కలవలేదు, చుక్కలు నాకు కనిపించాయి. ఇదే రెండో అర్థం. శ్లేష ఉద్దేశించినది కాదు, అనుభవించినది.

విరుగుడు కూడా చెప్పాలి. లింకులను ఒక్కొక్కటిగా దిద్దబోవద్దు. పేజీలను ఎక్స్‌ప్లోరర్‌లోనే మళ్ళీ పాత చోటికి చేర్చాలి. లోపలి లింకులను ఎవరూ ముట్టుకోలేదు కనుక అన్నీ యథాస్థానం. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లోంచి పద్ధతిగా జరపాలి. ఇది తెలిసేలోపు నేను 11 పేజీలు చేత్తో దిద్ది ఉన్నాను, అవి రెండోసారి చెడ్డాయి.

మూడో అర్థం మా ఆవిడ చెప్పింది: ముగ్గు. ఒక్క చుక్క తక్కువైతే గీత కలవదు, చెరిపి మళ్ళీ మొదలుపెట్టాలి. ముగ్గేసేవాళ్ళకు ఈ పద్యానికి వ్యాఖ్యానమే అక్కర్లేదు.

పాఠాంతరము: ‘గీతను చూడుము’ అని చదవాలని ఒక మిత్రుడి వాదన. చుక్కల గొడవ లేకుండా లింకును వాలుగీతతోనే మొదలుపెడితే అది ఎక్కడున్నా నేరుగా సైటు మూలం నుంచే దారి వెతుకుతుందని ఆయన భావం. నిజమే, సర్వరు మీద చక్కగా పనిచేస్తుంది. కానీ అదే పేజీని మన కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే మూలమంటే సైటు కాదు, డ్రైవు. మళ్ళీ ఫొటోలు మాయం. పైగా ‘చో’కు ‘గీ’తో యతి లేదు. రెండు విధాలా అగ్రాహ్యం.

పేర్ల విషయం కవి వదిలేశాడు. ఫోల్డర్లకు పైన నేను రాసినట్టు తెలుగు పేర్లు పెట్టవచ్చు, తప్పులేదు. అయితే చిరునామాను కాపీ చేసి ఎవరికైనా పంపితే ఒక్కో తెలుగు వర్ణం మూడు బైట్లయి, శాతం గుర్తులతో తొమ్మిది అక్షరాల గొలుసుగా విప్పుకుంటుంది. ‘కథలు’ చూడ్డానికి మూడక్షరాలు. కొమ్మును విడిగా లెక్కపెట్టాలి కనుక నాలుగు వర్ణాలు, వెరసి 36. పోనీ ఇంగ్లీషులో పెడదామంటే పెద్దబడి, చిన్నబడి తేడా ఉంది. విండోస్‌కు రెండూ ఒకటే, లినక్స్ సర్వరుకు రెండూ వేరు. ఇంట్లో తెరుచుకున్న పేజీ ఊళ్ళో తెరుచుకోదు. మన లిపిలో ఈ బడిభేదం లేనందుకు నన్నయాదులకు నమస్కారం.

ఆక్షేపము: వెబ్‌ను పుట్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే, లోకానికి ఇచ్చిన చిరునామా మార్చకూడదని వ్యాసం రాశారు కదా! విషయాన్ని బట్టి చేసే వర్గీకరణ కాలంతో మారిపోతుంది కనుక దాన్ని చిరునామాలో పెట్టవద్దనీ, పుట్టిన తేదీ అయితే మారదనీ అందులో ఉంది కదా! మరి ఈ కవి ఫోల్డర్లు చేయమనడం గురుద్రోహం కాదా?

సమాధానము: కవి ఫోల్డర్లు అన్నాడే గాని ఎలాంటివో చెప్పలేదు. కనుక విరోధం లేదు. వార్షికోత్సవం ఫొటోలకు సంవత్సరాల వారీగా ఫోల్డర్లు చేశాను, అవి ఈనాటికీ కదల్లేదు. ‘కొత్త పుస్తకాలు’ అని చేసిన ఫోల్డరు మాత్రం రెండేళ్ళకే నవ్వులపాలైంది. కొత్త కోడలు ఎన్నాళ్ళు కొత్త?

లేని పేజి: ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి. పేజీ సర్వరులో భద్రంగానే ఉంటుంది. అడిగినవాడికి మాత్రం 404 అని జవాబు వస్తుంది. సాఫ్ట్‌వేర్ మన సైటులోని లింకులు దిద్దగలదు, ఎవరి ఫోనులోనో దాచుకున్న లింకును దిద్దలేదు. అందుకే పాత చిరునామా అడిగితే కొత్తదానికి పంపమని సర్వరుకు చెప్పిపెట్టాలి. ఆ జవాబు సంఖ్య 301, శాశ్వతంగా మారారని అర్థం. ఇల్లు మారుతూ పాత ఇంటి తలుపుకు చీటీ అంటించడం లాంటిది.

సర్వరులోని పాత పేజీలన్నీ చెరిపి, చీటీలన్నీ అంటించాను. ఒక్కటి మరిచాను. ‘వేళలు’ పేజీని మన కంప్యూటర్‌లో ‘సమాచారం’లోకి జరిపి, కొత్తదాన్ని సర్వరుకు ఎక్కించాను. మన దగ్గర జరిపినంత మాత్రాన సర్వరులో పాతది చెరగదు. అది అక్కడే, పాత చిరునామాలోనే ఉండిపోయింది. తర్వాత గ్రంథాలయానికి ఆదివారం సెలవు పెట్టారు. కొత్త పేజీలో మార్చాను.

ఒక ఆదివారం పెద్దాయన ఒకరు గేటు దగ్గర నిలబడి మా ఇంటికి ఫోన్ చేశారు. ‘ఏమయ్యా, ఇక్కడ తాళం వేసుంది. మీ వెబ్‌సైటులో తెరిచే ఉందే!’ అన్నారు. ఆయన లింకు తెగలేదు.

తెగని లింకు గురించి కవి ఏమీ చెప్పలేదు. ఆటవెలదికి ఐదో పాదం లేదు.