ఆకుపచ్చ తీగ

వంటింటి గోడకు టైల్స్ మార్పించినప్పుడు మిగిలిన ముక్కలు అర బకెట్టు వచ్చాయి. అన్నీ తెలుపే. పారబోయడానికి చేతులు రాలేదు. చండీగఢ్‌లో నేక్‌చంద్ రాక్ గార్డెన్ చూసొచ్చిన దగ్గర్నుంచీ పగిలిన వస్తువు ఏది కనబడినా నాకు దాచుకోవాలనిపిస్తుంది. ఆయన రోడ్ల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేసుకుంటూనే, ఎవరికీ తెలియకుండా అడవి భూమిలో ఏళ్ల తరబడి రాళ్లూ పగిలిన పింగాణీ పోగేసి బొమ్మలు చేశాడు. 1976లో ఆ తోటను జనం కోసం తెరిచారు. అక్కడ గాజుముక్కల బొమ్మల ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఒళ్లంతా పగిలిన గాజులే. పగిలాక కూడా అవి ఒకరి ఒంటి మీదే ఉన్నాయి కదా అనిపించింది.

ఆరంగుళాల మట్టికుండీ ఒకటి కొనుక్కొచ్చి బాల్కనీలో కూర్చున్నాను. అమ్మ పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

టైల్‌ను పాత గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టాలి. లేకపోతే పెచ్చులు కళ్లలోకి ఎగురుతాయి. కుండీ గుండ్రం కాబట్టి ముక్క వేలిగోరంతే ఉండాలి. పెద్దదైతే అంచులు లేచి నిలబడతాయి. కుండీ మరీ పొడిగా ఉంటే సిమెంటులో తడినంతా పీల్చేసుకుంటుంది, నాలుగు రోజులకే ముక్క ఊడి చేతికొస్తుంది. అందుకే ముందు కుండీని తడిపి, పైతడి ఆరాకే టైల్స్ అతికే సిమెంటు రాశాను. అడుగున చిల్లు మూసుకుపోకుండా ఓ పుల్ల గుచ్చాను.

తెల్లముక్కల మధ్య ఒక తీగ పాకించాలని ఆశ. కానీ ఆకుపచ్చ ఏదీ?

అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. చేతిలో పాత హార్లిక్స్ సీసా. అందులో సగానికి పైగా ఆకుపచ్చ గాజుముక్కలు.

“సరిపోతాయేమో చూడు.”

లేత అరిటాకు రంగు. ఎండకు పట్టి చూస్తే లోపల దీపం పెట్టినట్టున్నాయి. గాజుకున్న వంపే తీగకు వంపయింది, నేను గీసుకున్న గీతకన్నా అందంగా తిరిగింది. టైల్ మందం, గాజు పలచన. కింద సిమెంటు కాస్త ఎత్తుగా వేస్తే తప్ప రెండూ సమంగా కూర్చోలేదు.

“ఎవరు ఎంచారోగానీ, కన్నంటే వాళ్లదమ్మా!” అన్నాను.

అమ్మ మాట్లాడలేదు. ఓ ముక్క తీసి తనే కుండీకి అద్దింది. మొన వేలికి గుచ్చుకుంది. కొంగుతో తుడుచుకుని ఇంకోటి తీసింది. చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి. పొద్దువాలేదాకా ఇద్దరం ఆ తీగ మీదే ఉన్నాం.

మర్నాడు వైట్ సిమెంటు గట్టి పెరుగులా కలిపి సందుల్లో కూరాను. పావుగంట ఆగి తడి స్పాంజితో తుడుస్తుంటే ఆ తెల్లటి పూతలోంచి తీగ కొద్దికొద్దిగా బయటికొచ్చింది. అమ్మ వంగి చూసి, “బాగుందే” అంది. రెండు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచి, బాగా ఆరాక మరువం నాటాం.

ఇంకో కుండీ చేయాలని నాకు మహా ఉబలాటంగా ఉంది. సీసాలో మాత్రం ముక్కలు అయిపోయాయి.

“ఈ రంగు గాజులు ఎక్కడ దొరుకుతాయమ్మా?”

అమ్మ మరువానికి చెంబుతో నీళ్లు పోస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

“తెచ్చింది నువ్వే కదే. మీ నాన్న పదోరోజుకని మీ అత్తయ్య నిన్నే పంపింది బజారుకి. ఆరో క్లాసు అప్పుడు నువ్వు. ఎందుకో నీకెవరూ చెప్పలేదు. నాలుగు డజన్లు పట్టుకుని పరుగెత్తుకుంటూ నా దగ్గరికే వచ్చావు. ‘అమ్మా, షాపతను ఎర్రవి ఇచ్చాడు, నీ చేతికి ఇవైతే బాగుంటాయని మార్పించాను’ అన్నావు.”