అంగడికి అసలు సరుకు

అంగడి పెట్టినవాడు సరుకమ్మి, సరుకమ్మగా మిగిలిన లాభముతో ప్రక్కగది అద్దెకు తీసికొని, ఆ పిమ్మట కాలము కలిసివచ్చినచో కొడుకు పేర మరియొక అంగడి తెరచుటయే వృద్ధియని మన పెద్దలు భావించిరి. పాపము, వారెరిగిన వృద్ధి అంతమాత్రమే. అంగడికి అసలు సరుకు అంగడియేనను సూక్ష్మము వారికి తట్టలేదు. అది తట్టుటకు, 2007వ సంవత్సరమున బెంగుళూరు కోరమంగలలో, ఇంటిపేరొకటియే యైనను ఒండొరులకు చుట్టములు గాని సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అను ఇద్దరు యువకులు అమెజానులో కొలువు చాలించి, నాలుగు లక్షల రూపాయల మూలధనముతో ఫ్లిప్‌కార్ట్ అను పుస్తకముల అంగడిని తెరువవలసివచ్చెను.

వారి తొలి గిరాకి మన మహబూబ్‌నగర్ పాఠకుడొకడు. ఆయన తెప్పించుకొనినది మైక్రోసాఫ్ట్ కొలువును విడనాడి లోకమును బాగుచేయ బయలుదేరిన యొక పెద్దమనిషి స్వీయకథ. పదియేండ్లు నిండకమునుపే ఆ మైక్రోసాఫ్టే, చైనాదేశపు టెన్సెంటును వెంటబెట్టుకొని, సొమ్ము మూటతో వచ్చి ఆ అంగడిలో వాటాదారై కూర్చుండెను. మనిషి కంపెనీని విడువగలడేమో గాని, కంపెనీ మాత్రము పుస్తకమును సైతము వెంబడించి వచ్చును.

ఎదుటి అంగడికి గిరాకి ఎక్కువైనచో వానికంటె మేలైన సరుకు తెచ్చి తక్కువ వెలకు అమ్ముట ప్రాచీనుల పద్ధతి. అందు శ్రమ యెక్కువ, ఫలము సందిగ్ధము. వానినే కొనివేసి తలుపు మూయుట నవీన పద్ధతి. 2012లో ఫ్లిప్‌కార్ట్ వారు ఎలక్ట్రానిక్ వస్తువులమ్ము లెట్స్‌బయ్ అను అంగడిని కొని, కొలది నెలలలోనే దాని తలుపు తట్టినవారినందరను తమ గుమ్మమునకు మరలించిరి. 2014లో దుస్తుల అంగడియైన మింత్రాను కొనిరి. 2016లో ఆ మింత్రా 7 కోట్ల డాలరులకు జబాంగును కొనెను. 2020లో జబాంగు అంతర్ధానమయ్యెను. దత్తపుత్రుడు తాను మరియొకని దత్తు తీసికొని, నాలుగేండ్లు సాకి, ఇంటిపేరు చెరిపివేయుటకు ధర్మశాస్త్రములో ఆధారము కలదో లేదో పండితులు తేల్చవలయును. ఈ దత్తతలలో విచిత్రమైన దొకటి యుండనే యున్నది. సమీర్ నిగమ్ అను నతని మైమ్360 సంస్థను 2011లో కొని, దాని చలువతో ఫ్లైట్ అను సంగీతపు అంగడి తెరచి, ఏడాదిన్నర తిరుగకయే మూసివేసిరి. అతడు వెలుపలికి పోయి మిత్రులతో ఫోన్‌పే స్థాపింపగా, 2016లో దానిని కూడ కొనిరి. ఒకే మామిడిచెట్టు కాయలను రెండు కాపులు కొనినట్లు ఒకే మనిషిని రెండుమారులు కొనుట వాణిజ్యచరిత్రలో అరుదు.

అయినను 2017నాటి ఈబే వారి వియ్యమే ఈ కథలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఘట్టము. అమెరికా దేశపు ఈబే వారు తమ భారతీయ శాఖను ఫ్లిప్‌కార్ట్ వారి చేతిలో పెట్టి, వట్టిచేతులతో పంపుట బాగుండదని కాబోలు, 50 కోట్ల డాలరులు రొక్కము కూడ ముట్టజెప్పి, బదులుగా వాటా పుచ్చుకొనిరి. పిల్లను మనమే యిచ్చి కట్నమును మనమే యిచ్చుకొనుట తెలుగునాట తరతరముల ఆచారమగుటచే, ఈ పద్ధతిని గ్రహించుటకు మనకు వాణిజ్యశాస్త్ర పట్టా అక్కరలేదు. మన మామగార్లకు తెలియని కిటుకు మాత్రము ఒకటి కలదు. మరుసటి యేడు వియ్యపువారి ఇల్లే అమ్మకమునకు రాగా, ఈబే వారు తమ వాటాను సుమారు 110 కోట్ల డాలరులకు వదలుకొనిరి. ఆ యేడు ఆగస్టులోనే పిల్ల కాపురము, అనగా ఈబే వారి భారతీయ అంగడి, మూతబడెను. ఇచ్చిన కట్నమును రెట్టింపునకు మించి రాబట్టుకొనిన మామగారు మన పురాణములలో నాకింతవరకు కానరాలేదు.

ఆ యిల్లు కొనినవారు వాల్‌మార్ట్ వారు. 1600 కోట్ల డాలరులు, అనగా లక్ష కోట్ల రూపాయలకు పైన సొమ్ము పోసి, నూటికి 77 వంతుల వాటా గైకొనిరి. అప్పటికి ఆ అంగడి లాభమనునది యెరుగదు. కొనినది బెంగుళూరి అంగడినా యనిన, అదియు గాదు. సింగపూరులో నమోదైన దాని మాతృసంస్థ వాటాలను. విదేశపు సొమ్ము గలవారు తమ సరుకును తామే అంతర్జాలమున అమ్మరాదు, అన్యులు కూర్చుండి అమ్ముకొనుటకు అరుగు వేయవచ్చునని మన ప్రభుత్వమువారు శాసించియుండుటచే, ఇంత సొమ్మును అరుగుకొరకే పోసిరని మనము విశ్వసింపవలయును. విశ్వసించుచునే యున్నాము.

వాల్‌మార్ట్ వారికి అంతకుమునుపే ఈ దేశమున బెస్ట్ ప్రైస్ అను టోకు దుకాణములుండెను; హైదరాబాదు, గుంటూరు కిరాణా వర్తకులు వాటి నెరుగుదురు. 2020 జూలైలో ఆ దుకాణములు గూడ కొనివేయబడినవని ప్రకటన వెలువడగా, ఈమారు కొనిన మహానుభావుడెవడా యని ఆత్రముగా చదివితిని. ఫ్లిప్‌కార్ట్! తండ్రి కొడుకును కొనెను, కొడుకు తండ్రి దుకాణమును కొనెను. ఆ నెలలోనే తండ్రి ముందునిలిచి కొడుకునకు 120 కోట్ల డాలరుల పెట్టుబడి సమకూర్చెను. కుడిజేబు ఎడమజేబును కొనునపుడు చొక్కా తొడిగినవాని ఆస్తి యెంత పెరుగునో గణితశాస్త్రజ్ఞులు చెప్పవలయును.

ఈ వృత్తాంతమంతయు మా వీధి కిరాణా కొట్టు శెట్టిగారికి సావధానముగా వినిపించితిని. ఆయన కాటామీది చేతిని తీయకయే, "అయితే పంతులుగారూ, మన కొట్టుకు కూడా ఎవరైనా బేరగాళ్లుంటారేమో చూసిపెట్టరాదూ?" అనెను.

"చూడవచ్చు గాని, ఏటా నష్టమెంత చూపగలరు శెట్టిగారూ?" అంటిని.

"రామ రామ! పొద్దున్నే నష్టం మాటేమిటండీ? మా నాన్నగారి హయాం నుంచీ ఏటా నాలుగు రాళ్లు మిగులుతూనే ఉన్నాయి."

"అదే చిక్కు. మిగులుతున్న కొట్టును ఎవరు కొంటారు?"

శెట్టిగారు బదులు పలుకలేదు. నా కందిపప్పును తూచి, పొట్లము కట్టి, చేతికిచ్చెను. ఇరువదియేండ్లుగా మామూలైన కొసరు ఆనాడు వేయలేదు.