సగటున తడిసినం

ఉగాది నాడు గుడి మండపంలో పంతులు పంచాంగం విప్పి ఈ ఏడు వాన ఎన్ని తూములో చదువుతాడు. సముద్రానికి ఇంత, కొండలకు ఇంత, మిగిలింది భూమికి అని పంపకాలు కూడా అక్కడే తేల్చేస్తాడు. ఏ ఏడు విన్నా పెద్ద వాటా సముద్రానిదే. ఆయన్ను తప్పుపట్టలేం, మనకు దక్కేది తక్కువని ముందే చెప్పేశాడు.

ఏప్రిల్ నడుమకొచ్చేసరికి ఢిల్లీలో వాతావరణ శాఖ తన పంచాంగం విప్పుతుంది. అక్కడ తూములుండవు, శాతాలుంటాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దేశం సగటు వాన 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం పడేట్టుంటే ‘సాధారణం’. ఆ మాట వినగానే మంత్రులు ఊపిరి పీల్చుకుంటారు, షేర్ మార్కెట్టు హుషారవుతుంది. దేవరకొండ రైతు మాత్రం మొగులు వైపే చూస్తాడు. ఆయనకున్నది దేశం కాదు, మూడెకరాల చెలక.

ఈ జోస్యానికి వయసు తక్కువేమీ కాదు. 1886లో బ్లాన్‌ఫోర్డ్ దొర హిమాలయాల మంచు చూసి వాన చెప్పడం మొదలెట్టాడు. ఆయన కుర్చీలో కూర్చున్న ఎలియట్ 1899లో వానలు దండిగా ఉంటాయన్నాడు, ఘోరమైన కరువొచ్చింది. ఇలాంటివి ఒకటి రెండు తగిలాక కొన్నేళ్లపాటు అంచనాలను జనానికి చెప్పకుండా రహస్య పత్రాల్లో దాచారు. చెబితేనే కదా తప్పయ్యేది! ఇప్పుడు దాపరికం లేదు. 2002లో 101 శాతం అన్నారు, 81 పడింది. 2009లో 96 అన్నారు, 78 దగ్గర ఆగింది. అదే 2009లో సెప్టెంబర్ 30తో నైరుతి ఖాతా మూసేసి కరువు సంవత్సరమని రాసుకున్నారు. అక్టోబర్ మొదటివారంలో కృష్ణా తుంగభద్రలు కలిసి అలంపూర్‌ను ముంచేశాయి. ఒకే ఏడాది కరువు, వరద రెండూ చూసిన పాలమూరుకు సగటు తీస్తే ఏమొస్తుందో ఆలోచించండి. ఏమీ జరగనట్టే వస్తుంది.

జిల్లా లెక్కకు వచ్చేసరికి శాఖ మనసు ఇంకా విశాలం. దేశానికి నాలుగు శాతం అటూ ఇటూ అయితేనే సాధారణం కాబట్టి అక్కడ కాస్త పట్టింపు ఉంది. జిల్లాకైతే 19 శాతం తగ్గినా సాధారణమే, 19 శాతం పెరిగినా సాధారణమే. రూపాయికి 81 పైసలు చేతిలో పెట్టి ‘ఇదే నీ పూర్తి జీతం’ అంటే ఏ గుమాస్తా ఊరుకుంటాడు? నల్లగొండ రైతు ఊరుకుంటాడు. ఊరుకోక ఎవరి గల్లా పట్టుకుంటాడు, మబ్బుదా?

2023నే తీసుకోండి. జులై ఆఖరున తెలంగాణ వరదల్లో ఈదింది. ఆగస్టులో దేశమంతా కలిపి 36 శాతం లోటు, 1901 తర్వాత అంత ఎండిన ఆగస్టు లెక్కల్లో లేదు. సీజన్ మొత్తం కూడితే 94 శాతం. శాఖ చెప్పింది 96. తేడా రెండంటే రెండు శాతం! పరీక్షయితే ఫస్టు క్లాసు. ఆగస్టులో పూత రాలిన పైరుకు ఆ సర్టిఫికెట్ చూపిస్తే సరి.

2025లో ఇంకా గొప్పగా జరిగింది. ఏప్రిల్‌లో 105 శాతం అన్నారు, మే ఆఖరుకు 106 చేశారు, చివరికి 108 పడింది. చప్పట్లు కొట్టాల్సిందే, నేనూ కొట్టాను. ఆ ఏడు నైరుతి మే 24న కేరళను తాకి, మే 26కే తెలంగాణలో అడుగుపెట్టింది. రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో వాన! మిరుగం దాకా ఆగడమెందుకని దుక్కి సిద్ధంగా ఉన్నవాళ్లు పత్తి గింజ పెట్టేశారు. జూన్ వచ్చింది, వాన మొహం చాటేసింది.

60, 70 మిల్లీమీటర్లు పడి భూమి బాగా తడిశాకే పత్తి వేయాలని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏటా మొత్తుకుంటుంది. సలహా బంగారం. కానీ మిల్లీమీటర్లు కొలిచే యంత్రం ఉండేది మండలంలో ఎక్కడో, చెలక ఉండేది ఇంకెక్కడో. రైతు కొలిచేది బొటనవేలితో. సాలు పక్కన మట్టి గీకి, పిడికెడు తీసి పిసుకుతాడు. ముద్ద నిలిస్తే పదునుంది, పొడిపొడిగా రాలితే లేదు. ఎర్రచెలకలో నాలుగు ఎండలు కాస్తే ఆ ముద్ద రాలిపోతుంది. శాఖ పుస్తకంలోనైతే 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు పడినా ‘వాన రోజు’ కిందే జమ. ఆ వానకు మన బండ్లబాట దుమ్ము కూడా అణగదు.

ఇక విత్తనాల దుకాణంలో ఏటా నడిచే సంభాషణ:

“సేటు, ఇంకో నాలుగు ప్యాకెట్లియ్యి.”

“మొన్ననే తీస్కపోతివి గదనే?”

“అవి భూమిలనే మాడినయ్.”

“ఈసారి వానలు నార్మలని టీవీల చెప్పిండ్రు గద!”

“నార్మల్ మండలం దాంక వచ్చిందట సేటు. మా ఊరికి బస్సు దొరకలే.”

475 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ ధర 2025లో 901 రూపాయలు. ఎకరానికి రెండు. ఒకసారి మాడితే మళ్లీ రెండు. దున్నకం, కూలి వేరే. వాతావరణ అంచనా తప్పితే ఖర్చు ఎవరి పద్దులో పడుతుందో ఆ రసీదు మీద రాసే ఉంటుంది.

మనకు నీళ్లు కరువని కాదు. మహాబలేశ్వరంలో కుండపోతగా కురిస్తే ఆ నీళ్లు జూరాల గేట్లు దూకి, శ్రీశైలం నింపి, సాగర్ 26 గేట్ల మీదుగా తెల్లగా దూకుతాయి. హైదరాబాద్ నుంచి కార్లేసుకొచ్చి సెల్ఫీలు దిగుతారు. సాగర్‌కు కూతవేటులో ఉన్న చందంపేటలో చెలక నెర్రెలిచ్చి ఉంటుంది. పశ్చిమ కనుమలు మబ్బులను అక్కడే పిండేసుకుని మనకు గాలి పంపిస్తాయి. ఆ ఖాళీ గాలినే మన పెద్దలు నమ్మి, కప్పతల్లి ఆడారు, బండమీద వరదపాశం పోసి మోకాళ్ల మీద వంగి నాకారు, విరాటపర్వం చదివించారు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. ‘మేఘమథనం’ అని పేరుపెట్టి విమానాలతో కొన్నేళ్లు మబ్బుల్లో రసాయనాలు చల్లించింది. కప్పతల్లికయిన ఖర్చు బిందెడు నీళ్లే.

ఇప్పుడు అసలు సంగతి. 2025 మే 26న, నైరుతి మన గడప తొక్కిన రోజే, ఢిల్లీలో కొత్త అంచనా వ్యవస్థను ప్రారంభించారు. 12 కిలోమీటర్ల గళ్లలో చూసే వాన ఇకపై ఆరు కిలోమీటర్ల గళ్లలో కనిపిస్తుందట. సంతోషం. అంతకు ముందటేడే, 2024లో, ఆ అంచనాను రైతు భాషలోకి మార్చి ఊళ్లకు చేర్చే జిల్లా వ్యవసాయ వాతావరణ కేంద్రాలను దేశవ్యాప్తంగా 199 మూసేశారు. చూపు పెంచి నోరు మూసుకోవడమంటే ఇదే. అయినా చేతకాదని ఎవరూ అనలేరు. 2025 వానాకాలంలోనే కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో 3.8 కోట్ల మంది రైతుల ఫోన్లకు కృత్రిమ మేధ అంచనాలు పంపింది. మొదట్లో ఊపుగా వచ్చిన వాన దాదాపు 20 రోజులు ఆగుతుందన్న సంగతి ఆ అంచనాల్లో ఉంది.

కాబట్టి అయ్యా, దేశానికెన్ని శాతమో మీరే ఉంచుకోండి. మొదటి వాన పడ్డాక రెండో వానకు ఎన్ని రోజులు పడుతుందో మండలానికొక మాట, తెలుగులో, సేటు షట్టరెత్తక ముందే చెప్పండి.