తెలుగు తెలుగులా కనిపించనప్పుడు చేయవలసినవి

పెళ్లికార్డు మ్యాటరో, సంఘం కరపత్రమో మెయిల్లో వస్తుంది. తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, బ్రాకెట్లు కలగాపులగంగా ఉంటాయి. కంగారు పడకండి. ముందు వైరస్ అని ప్రకటించండి. ఏ వైరసో చెప్పక్కర్లేదు, ఇంట్లో అందరూ నమ్ముతారు. తర్వాత కంప్యూటర్ ఆపి మళ్లీ వేయండి. మెమరీలో ఇరుక్కున్న చెత్త పోవడానికి ఇది నిజంగానే మంచి మందు. లేని ఫాంటు మాత్రం దీంతో రాదు. రాకపోతే ఇంకోసారి ఆపి వేయండి.

ఏ ఫాంటండీ అని పంపినవాళ్లను అడగకండి. అడిగితే ‘అను’ అని చెప్పేస్తారు, సమస్య అక్కడితో తీరిపోయే ప్రమాదం ఉంది. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోటును తెలుగు కోసం ఆక్రమించుకున్నాయి, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు. కర్చీఫ్ ఉన్న కంప్యూటర్లో తెలుగు కూర్చుంటుంది. లేనిచోట అసలు హక్కుదారు, ఇంగ్లీషు అక్షరం, వచ్చి కూర్చుంటుంది. యూనికోడ్ వాళ్లు 1991లో, మొదటి వెర్షన్‌లోనే, తెలుగుకు 128 స్థానాలు రిజర్వు చేశారు. అయినా మన డీటీపీ సెంటర్లలో ఆ పాత ఫాంట్లతో నడిచే పేజ్‌మేకర్ 7 చెక్కుచెదరలేదు. అడోబీ 2001లో తెచ్చిన ఆ ఆఖరి వెర్షన్‌ని మార్చమని సలహా ఇవ్వబోకండి. ఊళ్లో జరిగిన పెళ్లిళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

ఫ్లెక్సీ పనైతే ఫొటోషాప్ ఉండనే ఉంది. యూనికోడ్ తెలుగు తెచ్చి అందులో పేస్ట్ చేయండి. వత్తు అక్షరం కిందికి దిగనని మొరాయించి పక్కన నిలబడుతుంది, ‘పద్మక్క’ కాస్తా ‘పద్‌మక్‌క’ అవుతుంది. సెట్టింగుల్లో ‘వరల్డ్ రెడీ’ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే కళ్లు మూసుకోండి. పొరపాటున దాన్ని ఎంచుకున్నారో, వత్తులన్నీ బుద్ధిగా కిందికి దిగిపోతాయి. అప్పుడిక “తెలుగుకి వత్తులెక్కువండీ, కంప్యూటర్ తట్టుకోలేదు” అనే వాదన మీ చేతిలో ఉండదు. ఆడలేక మద్దెల ఓడు అనడానికి మద్దెల ఓటిదిగానే ఉండాలి కదా. పద్మక్క జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీ అలాగే కూడలికి ఎక్కించండి. ఫొటో పెద్దదిగా ఉంటే పేరు ఎవరు చదువుతారు?

ఎక్సెల్‌తో పద్ధతి వేరు. తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలును నేరుగా రెండు నొక్కులు నొక్కి తెరవండి. చాలాసార్లు పేర్ల బదులు డిగ్రీ గుర్తుల బారు కనిపిస్తుంది, ఊరందరికీ జ్వరమొచ్చినట్టే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి, ఎక్సెల్ వాటిని మూడు వేరే అక్షరాలనుకుంటుంది. డేటా మెనూలోంచి తెచ్చుకుంటూ యూటీఎఫ్-8 అని చెబితే సరిపోయేది. మీరు మాత్రం కనిపించింది కనిపించినట్టే సేవ్ కొట్టండి. వెనక్కి తేవడం ఇక ఎవరికైనా కష్టమే.

ఫోన్లో ఏ యాప్ ఆగినా తప్పు తెలుగు మీదికి నెట్టేయండి. దీనికి పూర్వోదాహరణ కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనపడని గుర్తొకటి చేరిన మెసేజ్ వస్తే చాలు, ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే 11.2.6 అప్‌డేట్ పంపి సర్దింది. తప్పు అక్షరాన్ని గీసే వాళ్ల ప్రోగ్రాముదని వివరించకండి, వాదన బలహీనపడుతుంది. ఆ కనపడని గుర్తు లేనిదే ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటనే మనం అలవాటుపడ్డట్టు రాయలేమనీ చెప్పకండి. దాని బదులు మధ్యలో స్పేస్ కొట్టేయండి. తర్వాత వెతికితే దొరకదు, అంతే.

ఇన్ని చేసినా ఎక్కడో ఒకచోట తెలుగు సరిగ్గానే వచ్చిందనుకోండి, వదిలిపెట్టకండి. ప్రింటు తీయించి, దాన్ని ఫొటో తీసి, వాట్సాప్‌లో డీటీపీ సెంటర్‌కు పంపండి. ఆపరేటర్ ఆ ఫొటో చూసి మళ్లీ అనులో మొదటినుంచి కొడతాడు. పెదనాన్నగారి పేరులో వత్తు ఎగిరిపోతే, కార్డులు పంచేటప్పుడు ఒక్కోదాని మీద పెన్నుతో పెట్టుకోవచ్చు. పెన్నుకి ఏ ఫాంటూ అక్కర్లేదు, అప్‌డేట్లూ రావు.