నా నోట్లో జామాయిల్ ముక్క

నేను చిత్రికను. మీ ఇంటి గుమ్మాన్ని అరచేత్తో నిమిరితే ఎక్కడా గుచ్చుకోకుండా జారిపోతోందంటే, నాలాంటిదొకటి ఏ వడ్రంగి చేతిలోనో గంటల తరబడి దాని మీద నడిచిందని అర్థం.

నా ఒళ్లు నల్లతుమ్మ చేవ. కోనసీమలో ఒక కాలవ గట్టున పెరిగిన చెట్టు. దుంగను నెలల తరబడి చెరువులో నానేసి, ఆ తరవాత ఏడాదిపాటు నీడన ఆరబెట్టి, అప్పుడు చెక్కాడు నన్ను మా పెద్ద మేస్త్రి. తొందరపడితే తుమ్మ పగులుతుంది. నా ఇనుము ఒకప్పుడు లారీ కమాను పట్టీ. ఊరి కమ్మరి దాన్ని కొలిమిలో పెట్టి సాగగొట్టి ఇచ్చాడు. నా నడుంలో ఏటవాలుగా ఒక బెజ్జం, అందులో ఇనుము, ఇనుమును అదిమిపట్టే చెక్క చీల. అడుగున గీతంత సన్నగా నోరు. లేచిన పొర ఆ నోట్లోంచి పైకొచ్చి చుట్టలు చుట్టుకుంటూ బయటపడుతుంది. ఇనుము పొరను లేపే చోట, దానికి సరిగ్గా ముందు నా పెదవి చెక్కను నొక్కిపట్టి ఉండాలి. ఆ పెదవి అరిగి నోరు పెద్దదైతే నార చీలి లేస్తుంది, చెక్క గరుకు తేలుతుంది. అందుకే వడ్రంగి చిత్రిక కొనేముందు, అరువు తీసుకునేముందు, తిరగేసి ముందు నోరు చూస్తాడు.

మా మేస్త్రి నన్ను తండ్రి దగ్గర్నుంచి అందుకున్నాడు. ఆయనకు పని నేర్పింది ఎవరని అడిగితే చెప్పడం కష్టం. పదేళ్లప్పుడు పొట్టు ఎత్తాడు, వజ్రం జిగురు కాచాడు, సానరాయి మీద నీళ్లు చల్లాడు. తండ్రి వెనక నుంచుని చూశాడు. తప్పు చేస్తే వేళ్ల కణుపుల మీద మూలమట్టంతో ఒకటి పడేది. ఎందుకు తప్పో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. అది కూటి విద్య. కొడుక్కి తప్ప మరొకడికి చూపించరు. దాన్ని నేను తప్పు పట్టను, ఆ విద్యే కదా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది.

ఆ చేతుల్లో నేను ఎడ్లబళ్లు చేశాను. టైరు బళ్లు, వాటి వెనకే ట్రాక్టర్లు వచ్చాక గుమ్మాలకూ కిటికీలకూ మళ్లాం. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని పడుకోబెట్టేసింది. కప్పులు లేచిపోయిన ఇళ్లకు వాసాలూ తలుపులూ చేస్తూ ఆ ఏడు సంక్రాంతి దాకా మాకు పగలూ రాత్రీ తెలియలేదు. కూలి సగం చోట్ల వడ్లుగానే వచ్చింది, కొన్నిచోట్ల రానే లేదు. మేస్త్రి అడగలేదు.

తరవాత కరెంటు చిత్రికలొచ్చాయి, ప్లైవుడ్డు వచ్చింది. నేను అటకెక్కాను. దసరాకి మాత్రం దించి, నూనె రాసి, ఉలీ బాడిసా రంపాల పక్కన పీట మీద పెట్టి బొట్టు పెట్టేవాడు. కూతురు పక్కన నుంచుని చూసేది. ఆ పిల్లను ఉలి ముట్టుకోనివ్వలేదు. "నువ్వు చదువుకోమ్మా, ఈ నడుం నొప్పి నీకొద్దు" అనేవాడు. ఆవిడ చదువుకుంది, మెల్‌బోర్న్‌లో ఇంజనీరయింది. మేస్త్రమ్మ పోయిన ఏడు, నాన్నని ఒక్కణ్ణీ ఊళ్లో ఉంచలేక తీసుకెళ్లింది.

ఆయన పెట్టెలో బట్టలకంటే ముందు నన్ను పెట్టాడు. దిగాక విమానాశ్రయంలో చెక్కసామాను ఉందని రాసివ్వాలి. అక్కడ అది గట్టి నియమం. చెక్కతోపాటు పురుగు దేశంలోకొస్తే వాళ్ల అడవులకు ముప్పు. ఒక అధికారి నన్ను తిరగేసి, టార్చి వేసి, ఎక్కడైనా పురుగు తొలిచిన బెజ్జాలున్నాయా, బెరడు మిగిలి ఉందా అని చూశాడు. మేస్త్రి ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. చేవలో పురుగెక్కడిది? నన్ను తిరిగి ఆయన చేతుల్లో పెట్టాక ఆ వేళ్లు చాలాసేపు వణికాయి.

తరవాతి మూడు నెలలు నేను పెట్టెలో ఉన్నాను, ఆయన కిటికీ దగ్గర ఉన్నాడు. పొద్దున్నే అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయేవారు. మేమున్న శివారులో తెలుగువాళ్లు బోలెడుమంది, ఆదివారం ఆదివారం గుడిలో కలిసేవారు. ఒంటరితనం మనుషులు లేక కాదు. చేతులకు పని లేక. అరచేతుల కాయలు మెత్తబడుతుంటే ఆయన వాటిని బొటనవేలితో నొక్కి నొక్కి చూసుకునేవాడు.

మనవరాలు కనిపెట్టింది ఓ క్లబ్బుని. బడికి వెళ్లే దారిలో ఓ రేకుల షెడ్డు, లోపల్నుంచి రంపం చప్పుడు. "తాతయ్యా, అక్కడ అందరూ నీలాంటి తాతలే" అంది.

ఆస్ట్రేలియాలో ఇలాంటివి కొత్త కాదు. విక్టోరియా రాష్ట్రంలోనే టోంగాలా అనే చిన్న ఊళ్లో 1998లో 'మెన్స్ షెడ్' అన్న పేరుతో మొదటిది తెరిచారు. ఉద్యోగం దిగిపోయిన మగవాళ్లు ఇంట్లో మౌనంగా కుంగిపోతుంటే, ఎదురుగా కూచోబెట్టి కష్టసుఖాలు అడిగితే చెప్పరు, పక్కపక్కన నుంచుని ఏదో పని చేస్తుంటే మాట దానంతటదే వస్తుందని అక్కడివాళ్లు పట్టుకున్నారు. ఇప్పుడు ఆ దేశంలో అలాంటి షెడ్లు వెయ్యి దాటాయి. మేం వెళ్లింది వాటికి దగ్గరి చుట్టం, చెక్కపని క్లబ్బు. ఆడవాళ్లూ ఉన్నారు. రిటైరైన బస్సు డ్రైవరు, లెక్కల మాస్టారు, ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసినావిడ. చెక్కపని కూటికోసం చేసినవాళ్లు అందులో ఇద్దరో ముగ్గురో.

మొదటిరోజు నాకు బాధేసింది. బూట్లు లేకుండా లోపలికి రాకూడదన్నారు. మెషిన్ల మధ్య అది న్యాయమే. కానీ మా మేస్త్రి పని నేల మీద. గొంతుక్కూచుని కాలి బొటనవేలితో చెక్కను తొక్కిపట్టి రెండు చేతులా నన్ను తోస్తాడు. కాళ్లకు బూట్లు తొడిగేసరికి సగం చేతులు కట్టేసినట్టయింది. ఎత్తు బల్ల ముందు నిలబడి ఆయన నన్ను తోస్తే నేను చెక్క మీద గెంతాను. పొర రాలేదు, పొట్టు రాలింది. వెనక్కి తిరిగి మనవరాలితో "పద, వెళ్లిపోదాం" అన్నాడు.

లెక్కల మాస్టారు అడ్డొచ్చాడు. మళ్లీ చూపించమని సైగ చేశాడు. మేస్త్రి సిగ్గుపడుతూనే నేల మీద కూచుని ఎలా పట్టుకుంటాడో చూపించాడు. మాస్టారు కాగితం మీద ఏవో కొలతలు రాసుకున్నాడు. మరుసటి శనివారానికి మోకాలెత్తు పొట్టి బల్ల ఒకటి తయారయింది. చివర అడ్డంగా ఓ ఆనుడు కర్ర, పక్కన రెండు కొయ్య మేకులు. గుర్రమెక్కినట్టు దాని మీద కూచుంటే చెక్క కదలదు. ఆ రోజు నా నోట్లోంచి మూరెడు పొర తెగకుండా లేచింది. ఉల్లిపొర లాంటి పొర, వెలుతురుకి పట్టుకుంటే అవతల వేళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్కరూ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని చూశారు.

"నీ పేరేంటి?" అనడిగారు. ఆయన అలవాటు కొద్దీ "మేస్త్రి" అన్నాడు. ఇక అదే ఆయన పేరయింది. ఆ మాట పోర్చుగీసువాళ్ల నుంచి మనకొచ్చిందట, గురువనే అర్థమట. మాస్టారు వెతికి చెప్పాడు.

అక్కడి పద్ధతులు నాకు మెల్లగా తెలిశాయి. ఏ మెషిను ముట్టుకోవాలన్నా ముందు ఒకరు కూచోబెట్టి దాన్ని నేర్పాలి, నేర్చుకున్నట్టు పుస్తకంలో సంతకం పడాలి. ఇరవయ్యేళ్ల నుంచి వస్తున్నవాడికీ అదే రూలు. పాత పెట్టెల చెక్క, కూలగొట్టిన ఇళ్ల కలప వస్తే ముందు ఇనుము పసిగట్టే యంత్రంతో తడిమి మేకులు ఏరాలి. క్రిస్మస్‌కి పిల్లల ఆసుపత్రికి ఇచ్చే బొమ్మలు ఏడాది పొడుగునా చేస్తారు. చిన్న లారీలు, ఏనుగులు, జిగ్సా ముక్కలు. నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేని రంగే వేస్తారు. పదింటికి టీ. ఆ టీ దగ్గర మోకాళ్ల ఆపరేషన్ల గురించి, పోయిన భార్యల గురించి, మాట్లాడని కొడుకుల గురించి కూడా మాటలు దొర్లేవి.

అన్నిటికంటే నన్ను కదిలించింది నెలకోసారి జరిగే బల్ల. ఆ నెల చేసినదాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, ఎలా చేశారో చెప్పాలి. ఎక్కడ చెడిందో కూడా చెప్పాలి. డ్రైవరు ఒక గిన్నె తెచ్చాడు. తరిమెన పడుతుంటే అడుగు పలచబడి తూటు పడింది. దాన్ని దాచుకోలేదు. తూటు పడినచోటే వేలు పెట్టి, లోతు కొలవకుండా ఉలి దించానని చెప్పాడు. నలుగురూ ముందుకు వంగి చూశారు. మా మేస్త్రి నోరు తెరిచి చూశాడు. మా లోకంలో తప్పు చేస్తే లప్పం పెట్టి రంగేసి దాచేస్తాం, బయటపడితే కూలి పోతుంది. అక్కడ తప్పు కూడా పంచుకునే సామానే. తిండి దీని మీద ఆధారపడనప్పుడు అలా చెప్పడం తేలికేనని నాకు తెలుసు. తెలిసినా, పదేళ్ల కుర్రాడి కణుపుల మీద మూలమట్టం పడకుండా ఇలా నోటిమాట పడి ఉంటే ఎంత బావుండేదో అనిపించకుండా ఉండలేకపోయాను.

ఆయనకూ చెప్పాల్సిన అవసరం వచ్చింది. నర్సమ్మ ఇనుము నూరడం నేర్పమంది. చేతులు చేసేస్తాయి, మాట రాదు. యాభై ఏళ్లుగా చేస్తున్న పనికి ఆయన దగ్గర వాక్యాలు లేవు. మనవరాలిని పక్కన పెట్టుకుని ఒక్కో మాటా వెతుక్కున్నాడు. "రాయి మీద ఇనుము ఏటవాలుగా పెట్టమ్మా. వాలు రాయికి పూర్తిగా ఆనిందా, ఆనితే నీటిచుక్క ముందు అంచు నుంచి పిండినట్టు వస్తది. రాలేదంటే మడమ మీదే రుద్దుతున్నావన్నమాట." పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. నర్సమ్మ నీటిచుక్క కోసం చూసింది. వచ్చింది. "నూరాక అంచు వెనక్కి మడత పడుతుంది, గోరుకి తగులుతుంది చూడు. ఆ మడత పోయేదాకా వెనకవైపు రెండు రుద్దులు." ఆవిడ రోగి నాడి చూసినట్టు గోటితో ఆ మడతను వెతికింది. ఇంతకాలం నాకు తెలియని సంగతి ఏంటంటే, ఆ నీటిచుక్క గుర్తు ఆయనకి ఎవరూ చెప్పలేదు, తనకై తను పట్టుకున్నాడు. ఇప్పుడే, అరవై ఎనిమిదో ఏట, మొదటిసారి పైకి అన్నాడు. మనవరాలికి కూడా ఆ రోజే తెలిసింది చెక్కకి 'నార' ఉంటుందని, 'నార వాలు' చూసి తోయాలని. అప్పటిదాకా ఆ పిల్లకి దాని ఇంగ్లీషు మాటే తెలుసు.

నర్సమ్మ చేతిలోనే నాకు దెబ్బ తగిలింది. మేస్త్రి రాని ఒక శనివారం ఆవిడ నన్ను తీసి పాత కలప మీద తోసింది. మేకుల యంత్రంతో తడిమింది కానీ ఒక మూల వదిలేసింది. విరిగిన మేకు తల లోపలుంది. ఇనుముకి గంటు పడింది. అప్పటికే అరిగి ఉన్న నా పెదవి ఒక పెళ్లగా ఊడిపోయింది. ఆవిడ ఊడిన ముక్కను రుమాల్లో కట్టుకుని ఇంటికే వచ్చింది. గుమ్మంలో నుంచుని ఏడ్చింది. మేస్త్రి నన్ను తిరగేసి చూశాడు. తండ్రి చేసిన నోరు. చాలాసేపు ఏమీ అనలేదు. "ఎప్పుడో మార్చాల్సిందే అమ్మా, నేనే బద్ధకించాను" అన్నాడు. అబద్ధం కాదు, ఆ నోరు అప్పటికే వెడల్పయింది.

నెల బల్ల మీద ఆయన పెట్టిన మొదటి వస్తువు నేనే, ఊడిన నోటితో.

నోరు మార్చడం డ్రైవరుకి తెలుసు. పెదవి చోట గాడి తవ్వి, గట్టి చెక్క ముక్కను బిగువుగా దింపి అంటించాలి. ఏ చెక్క? ఆయన ఎర్రటి ముక్క ఒకటి తెచ్చాడు. ముర్రే నది ఒడ్డున పెరిగే రెడ్ గమ్, కూలిన పాత కంచె స్తంభం నుంచి కోసింది. మేస్త్రి వాసన చూసి, గోటితో నొక్కి, అడిగాడు ఏం చెట్టని. మనవరాలు ఫోన్లో ఆకు బొమ్మ చూపించింది. "జామాయిలా!" అన్నాడు. మా గోదావరి జిల్లాల్లో కాగితం మిల్లులకి లారీల మీద సన్న కర్రలుగా పోయే జామాయిల్, దీనికి దగ్గరి రక్తం. మేం దాన్ని ఎప్పుడూ చెక్కగా చూడలేదు, నాలుగైదేళ్లకే నరికేస్తాం. వందల ఏళ్లు నిలబడనిస్తే దాని చేవ ఇలా ఉంటుందని ఎవరికి తెలుసు?

ఇద్దరూ ఒకే బల్ల మీద వంగారు. డ్రైవరు గాడి తవ్వాడు, మేస్త్రి ముక్కను వెంట్రుకవాసి చొప్పున తగ్గించి తగ్గించి దింపాడు. ఇద్దరికీ భాష లేదు. వేలితో నొక్కి చూపించడం, తల ఊపడం, అంతే. ఆఖరి దెబ్బకి ముక్క కూచున్న చప్పుడు మారింది, ఇద్దరూ ఒక్కసారే చెయ్యి ఆపారు. ఇప్పుడు నా ఒళ్లు నల్లగా, పెదవి ఎర్రగా ఉంది.

వీసా గడువు అయ్యాక మేస్త్రి ఊరికి వెళ్లిపోయాడు. నన్ను తీసుకెళ్లలేదు. గోడ మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారం రంగుతో గీసి ఉంటుంది, తీసినవాళ్లు తిరిగి పెట్టకపోతే ఖాళీ కనబడాలని. నాకూ ఒకటి గీశారు. కింద తెలుగులో 'చిత్రిక' అని మనవరాలు రాసింది.

పోయిన శనివారం ఆ పిల్ల నన్ను తీసి పొట్టి బల్ల ఎక్కింది. ఫోను ఆనుడు కర్రకి నిలబెట్టి తాతయ్యకి కలిపింది. అక్కడ పొద్దున్నే, కోడి కూత కూడా వినిపిస్తోంది. "కనబడట్లేదే, చప్పుడు మాత్రం వస్తోంది" అన్నాడు. "తొయ్యి" అన్నాడు. తోసింది. ఒక్క క్షణం ఆగాడు.

"ఇనుము ఎక్కువ దిగిందే తల్లీ. చీల వదులు కాకుండా వెనక ఒక్కటి తట్టు. గట్టిగా కాదు."

తట్టింది. మళ్లీ తోసింది.

"ఆఁ" అన్నాడు ఆయన.