స్టార్ ఆల్ సత్రం

పెళ్లిలో బంతి నడిపించే మేనమామకి చదువు రాకపోవచ్చు గానీ, ఎవర్ని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో మాత్రం తెలుసు. ఆ మాత్రం ఇంగితాన్ని మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్‌లోని ఐబీఎం ఇంజినీర్లు ఒక కంప్యూటర్‌లో కుదిర్చి, 1988 జూన్ 21న ఏఎస్/400 అనే పేరుతో లోకానికి చూపించారు. 2000లో దానికి ఐసిరీస్ అని పేరు పెట్టారు, 2006లో సిస్టమ్ ఐ అన్నారు, 2008లో ఐబీఎం ఐ అన్నారు. బారసాల ఎన్నిసార్లు చేస్తేనేం, హైదరాబాదులో మా నైట్ షిఫ్టుకి అది ఇప్పటికీ ఏఎస్ ఫోర్ హండ్రెడే.

అందులో సబ్‌సిస్టమ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు, బంతి. స్క్రీన్ ముందు కూర్చుని పనిచేసేవాళ్లకి క్యూఇంటర్. ఎవరూ చూడనప్పుడు నడిచే భారీ రిపోర్టులకి క్యూబ్యాచ్. ఆపరేటర్ కన్సోల్‌కి క్యూసీటీఎల్. ఇవి చాలకపోతే మనమే కొత్త బంతులు వేసుకోవచ్చు. ఒక్కోదానికి ఇంత మెమరీ, ఇంత ప్రాధాన్యం అని కొలిచి పెట్టొచ్చు. ఏ టెర్మినల్ ఏ బంతిలో కూర్చోవాలో చెప్పే పిలుపు చీటీ పేరు వర్క్‌స్టేషన్ ఎంట్రీ. టెర్మినల్‌ని పేరు పెట్టి పిలవచ్చు, రకం చెప్పి పిలవచ్చు. చీటీ మీద ‘స్టార్ సైన్ఆన్’ అని ఉంటే ఆ బంతివాళ్లే ఎదురొచ్చి విస్తరి వేస్తారు. ‘స్టార్ ఎంటర్’ అని ఉంటే పిలవరు. వేరే బంతిలోంచి లేచి వస్తే మాత్రం కాదనరు. ఇంత మర్యాద తెలిసిన యంత్రాన్ని నేను మరొకదాన్ని చూడలేదు.

మేము కావలి కాసే అమెరికన్ క్లయింటు దగ్గర ఉన్న చీటీ ఒక్కటే. రకం: స్టార్ ఆల్. అంటే రానున్నవాళ్లు, వచ్చినవాళ్లు, దారి తప్పినవాళ్లు, అందరూ క్యూఇంటర్‌కే. బిల్లులు కొట్టేవాళ్లు, గోడౌన్‌లో లారీ ఎక్కించేవాళ్లు, ఏడాదికోసారి ఆడిట్‌కి వచ్చేవాళ్లు, అందరూ ఒకే సత్రం. ‘పేర్లతో విడదీద్దాం సార్’ అన్నాను ఒకసారి. పేర్లేవీ? టెర్మినల్ పేరుకి పది అక్షరాల జాగా ఉంది. టెర్మినల్‌లా నటించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లో ఆ గడి ఒక్కళ్లూ నింపలేదు. నింపకపోతే సిస్టమే క్యూప్యాడెవ్ అని ఇంటిపేరు తగిలించి, వెనక నంబరు వేసేస్తుంది. ఇవాళ అకౌంటెంటుకి వచ్చిన నంబరు రేపు గోడౌన్ కుర్రాడికి రావచ్చు. ఊరందరిదీ ఒకే ఇంటిపేరైతే పోస్ట్‌మాన్ ఏ గడప తొక్కుతాడు? ‘వర్క్ అవుతోంది కదా, కదపకండి’ అని జవాబొచ్చింది. మా వృత్తిలో ఇది వేదవాక్యం.

నెలాఖరు రాత్రి. మాకు పదకొండు, వాళ్లకి మిట్టమధ్యాహ్నం. మార్కెటింగ్‌లో ఒక మహానుభావుడికి పదేళ్ల ఆర్డర్లన్నీ ఒక్కసారి చూడాలని బుద్ధి పుట్టింది. రాత్రికి బ్యాచ్‌లో పడెయ్యాల్సిన క్వెరీని తన స్క్రీన్ మీదే నడిపాడు. క్యూఇంటర్‌లో కూర్చున్నాడు కాబట్టి ప్రాధాన్యం 20. బ్యాచ్‌లో అయితే 50 ఉండేది. ఇక్కడ అంకె చిన్నదైతే హోదా పెద్దది. బిల్లులూ అక్కడే, లారీలూ అక్కడే, ఈయన పదేళ్లూ అక్కడే. స్క్రీన్లన్నీ బిగుసుకుపోయాయి.

‘అన్నా, క్యూఇంటర్ ఆపేసి మళ్లీ లేపుదామా?’ అన్నాడు మా జూనియర్.

‘ఆగరా, ముందు ఆ క్వెరీ జాబ్ ఏదో...’ అనేలోగా ‘ఎండ్ సబ్‌సిస్టమ్, స్టార్ ఇమ్మీడ్’ టైపు చేసి ఎంటర్ కొట్టేశాడు. క్వెరీ పోయింది. బిల్లులు పోయాయి. వాడి స్క్రీనూ, నా స్క్రీనూ పోయాయి. మేమూ ఆ సత్రంలోనే కదా దిగింది. మళ్లీ కనెక్ట్ అవుదామంటే విస్తరి వేసే బంతే లేదు. బతికున్నది క్యూసీటీఎల్‌లోని కన్సోల్ ఒక్కటే. అది సముద్రాల అవతల తాళం వేసిన గదిలో, ఎదురుగా ఎవరూ లేని కుర్చీని చూస్తూ కూర్చుంది. తాళం చెవి ఉన్నాయన లంచ్‌కి వెళ్లాడు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో జూనియర్ మొహం చూసి తిట్టబుద్ధి కాలేదు. కొమ్మ వాడు నరికాడు సరే, చెట్టంతటికీ ఒకే కొమ్మ ఉంచిందెవరు?

విచారణ కమిటీ వేశారు. రెండు నిర్ణయాలు. ఒకటి: ఇంతకంటే పెద్ద మెషీన్ కొనాలి. కొన్నారు, పాత ఎంట్రీలన్నీ జాగ్రత్తగా అందులోకి కాపీ చేశారు. స్టార్ ఆల్‌కి గీత కూడా పడలేదు. రెండు: డైరెక్టరు గారి స్క్రీన్‌కి ప్రత్యేక సబ్‌సిస్టమ్, ప్రాధాన్యం 10. చూశారా, పేరు పెట్టి పిలవడం అసాధ్యమన్న పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది! పది అక్షరాల గడి నిండింది, ఎంట్రీ పడింది, అప్రూవల్ గంటలో వచ్చింది.

పాపం, ఆ వీఐపీ దర్శనంలోనూ చిన్న లోపం మిగిలింది. క్యూఇంటర్‌లోని స్టార్ ఆల్ ఆయన స్క్రీన్‌నీ తనదే అంటుంది. ఎవరూ సైన్ఆన్ కాకుండా ఉన్న స్క్రీన్‌ని తర్వాత లేచిన సబ్‌సిస్టమ్ లాక్కుపోతుంది. క్యూఇంటర్ ఆఖరున లేచిన రోజున డైరెక్టరు గారు ధర్మదర్శనంలో తేలుతున్నారు. క్యూఇంటర్‌లో ఆయన టెర్మినల్ పేరు మీద స్టార్ ఎంటర్ అని ఒక్క చీటీ వేస్తే సరిపోతుంది. ఆ చీటీకీ, మిగతా అందరినీ విడదీసే చీటీలకీ కలిపి టికెట్ పెట్టాను. ఆమోదించాల్సినాయన డైరెక్టరు గారే. టికెట్ ఆయన స్క్రీన్ మీదే ఉంది. ఆయన స్క్రీన్ ఇవాళ క్యూఇంటర్‌లో ఉంది, క్యూఇంటర్‌లో ఎవరిదో క్వెరీ నడుస్తోంది.