కాలెండరు లాంప్‌షేడు: సటీకం, సతాత్పర్యం

అవతారిక: ఏడాది గడిచిన కాలెండరును పాతకాగితాలవాడికి వేయడానికి మనసొప్పని గృహస్థు, ఆ కాగితంతోనే లాంప్‌షేడును, అంటే బల్బు వెలుగు సూటిగా కంట్లో పడకుండా చుట్టూ నిలిపే తొడుగును, చేసుకునే విధానాన్ని ఈ పద్యం ఉపదేశిస్తున్నది. శాస్త్రగ్రంథానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ఉండాలని పెద్దల నియమం; వీటినే అనుబంధ చతుష్టయమంటారు. ఇక్కడ కాగితం విషయం, కంటికి సుఖం ప్రయోజనం, జిగురే సంబంధం. ఇక కత్తెర పట్టి, పసిపిల్లలు నిద్రపోయేదాకా ఓర్చుకోగలవాడు అధికారి.

పాత నెలల పుటయె పాదమై వంగగా
జిగురు రాసి యంచు చేర్చి కట్ట
ముందు బొమ్మ తోడ ముద్దుగా వెలిగెరా
వెనుకనున్న రాహువేళ కూడ

ప్రతిపదార్థం: పాత నెలల పుటయె = గడిచిపోయిన నెలల కాలెండరు కాగితమే; పాదమై = వృత్తంలో నాలుగో వంతుగా కత్తిరింపబడినదై; వంగగా = గుండ్రంగా తిరగగా; జిగురు రాసి = ఉడికించిన మైదా పూసి; అంచు చేర్చి = అంచును అంచుపైకి తెచ్చి; కట్ట = తీగ చుట్లకు బిగించగా; ముందు బొమ్మ తోడ = ఎదుటి వైపు అచ్చయిన చిత్రంతో పాటు; వెనుకనున్న రాహువేళ కూడ = వెనుక వైపు అచ్చయిన రాహుకాలం సైతం; ముద్దుగా = అందంగా; వెలిగెరా = ప్రకాశించింది సుమా.

తాత్పర్యం: కాలెండరు కాగితాన్ని కత్తిరించి, అతికించి, బల్బు చుట్టూ నిలిపితే, చేసినవాడు కోరుకున్న బొమ్మతో పాటు కోరని వెనుక వైపు అచ్చు కూడా వెలుగులో కనిపిస్తుందని భావం.

విశేషాలు: "పాదమై" అన్నచోట వృత్తపాదమని గ్రహించాలి. పై చుట్టు వ్యాసం 4 అంగుళాలు, కింది చుట్టు వ్యాసం 8 అంగుళాలు, ఏటవాలు పొడవు 8 అంగుళాలు ఉండాలనుకున్నవాడు పెద్ద సైజు కాగితం మీద ఒకే కేంద్రం నుంచి 16, 8 అంగుళాల వ్యాసార్ధాలతో రెండు చాపాలు గీసి, వాటి నడుమ నాలుగో వంతు పట్టీని, అతుకు కోసం మరో అరంగుళం కలిపి కత్తిరించాలి. బయటి చాపం పొడవు సుమారు 25 అంగుళాలు. 8 అంగుళాల చుట్టు పరిధి కూడా అంతే కనుక అంచులు సరిగ్గా కలుస్తాయి. ఈ పద్యం ఆటవెలది; ఛందస్సులో అది వృత్తం కాదు, ఉపజాతి. వృత్తపాదాన్ని ఉపజాతిలో ఇమిడ్చిన కవి నేర్పుకు ఛాందసులు మురిసిపోవచ్చు.

"జిగురు" అనే మాటకు మైదా అని అర్థం చెప్పడం సంప్రదాయం. పుస్తకాలు బైండు చేసేవారు అందులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం కనుక పిల్లలకు అందనివ్వకూడదు.

అలంకారం విషయంలో వ్యాఖ్యాతలు ఏకీభవించరు. ఒకే కాగితం రెండు అర్థాలిస్తున్నది కనుక శ్లేష అని కొందరంటారు. అది నిలవదు, శ్లేషలో రెండర్థాలూ కవి కోరినవే, ఇక్కడ రెండోది ఎవరూ కోరలేదు. వెలుగు కావలసినవాడు ముందు దీపశిఖ మీద శ్రద్ధ పెట్టినట్టే, వ్యంగ్యార్థం కావలసినవాడు ముందు వాచ్యార్థం మీద శ్రద్ధ పెడతాడని 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెప్పాడు. బల్బు వెలిగేదాకా రాహుకాలం కనిపించదు కనుక ఇది ధ్వనియే, అంటే పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థమే. పైగా ఆ అక్షరాలు కుడి ఎడమలుగా తిరగబడి కనిపిస్తాయి. సోమవారం 7-30 నుంచి 9 వరకని పంచాంగం చెప్పే రాహుకాలం పొద్దుటిది. ఏ వారానిదైనా అది పగటిపూటే వస్తుంది. దాన్ని రాత్రి ఎనిమిదింటికి హాలు మధ్యలో వెలిగించిన ఘనత ఈ లాంప్‌షేడుదే.

ఇక్కడొక పూర్వపక్షం, అంటే ఎదుటివారి ఆక్షేపణ: వెనుక తెల్లకాగితం అతికిస్తే రాహుకాలం పోదా? పోదని సిద్ధాంతం. తెల్లకాగితం వెలుగును పలుచన చేస్తుందే కాని, సిరా అడ్డుకున్న చోట వెలుగును తిరిగి పుట్టించలేదు. బల్బుకూ కంటికీ నడుమ ఎక్కడున్నా సిరా సిరాయే. శుభలేఖ అట్టను వాడమనే మతం కూడా ఉన్నది. ఆ దళసరిలో వెనుక అక్షరాలతో పాటు వెలుగు కూడా ఆగిపోతుంది కనుక అది కుండ బోర్లించడంతో సమానం. ఒక వైపే అచ్చయిన పలుచని కాగితమే ఉత్తమం.

పద్యంలో చెప్పనిది ఒకటి చెప్పక తప్పదు. మూలంలో లేనిది రాయనన్న వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి దీన్ని క్షమించుగాక. తీసుకున్న కరెంటులో చాలా భాగాన్ని వేడిగా మార్చే పాతకాలపు 60 వాట్ల బల్బు కాగితపు తొడుగుకు పనికిరాదు. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బునే వాడాలి. అదీ వేడెక్కుతుంది కనుక కాగితం తగలకుండా చూసి, పై భాగం తెరచి ఉంచాలి.

ఫలశ్రుతి: కత్తెర పట్టకముందే కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి, రెండు వైపులా చదివి ఎంచుకున్నవాడికి ఈ వ్యాఖ్యతో పని లేదు, అతికించాక చదివేవాడు మరో కాలెండరు వెతుక్కోవలసిందే.